మట్టి పరీక్ష

ఖాజాగూడ గుట్ట వెనకాల
మూడో బోరు ఇరవై రెండు అడుగుల్లో రాయికి తగిలింది.
నా పని ఇంతే: ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి,
ఎంత బరువు ఆపుతుంది, రాసి సంతకం పెట్టడం.
ఈ నేల ఏం మోయగలదో చెప్తాను.
ఇన్నాళ్ళూ ఏం మోసిందో నన్నెవరూ అడగరు.

మే నెల. పదకొండు దాటింది.
గుండు మీద గుండు,
ఎవరో ఆట మధ్యలో లేచి అన్నానికి వెళ్ళినట్టు.
రెండు వందల యాభై కోట్ల ఏళ్ళట ఈ రాతికి.
కాలేజీలో అప్పజెప్పాను, మార్కులు పడ్డాయి,
ఆ అంకెలో మాత్రం ఒక్కసారీ కాలు పెట్టలేకపోయాను.

దండుగుల ఈదమ్మ ఏడో నంబరు గుండు నీడన
పిల్లకి చీర ఉయ్యాల కట్టింది.
ఆమె మొగుడు పోచయ్య అదే గుండుకి
రేపటి మందు కోసం బెజ్జాలు వేస్తున్నాడు.
"సారూ, గీ గుండు పొయినంక నీడ యాడికెళ్లి తేవాలె?"
నా ఫారంలో నీడకి గడి లేదు.

ఎక్కడో, మన లెక్కలకు అందని ఓ ఎండాకాలం
అడవి పలచబడింది.
వానలు కొంచెం కొంచెంగా మొహం చాటేశాయి.
కొమ్మకీ కొమ్మకీ నడుమ
చెయ్యి చాచినా అందనంత గడ్డి.
ఆ గడ్డే మనల్ని దించి నిలబెట్టిందని చదువుకున్నాను.
ఇప్పుడు అంత సూటి కథ కాదంటున్నారు.
చెట్ల మీదుండగానే నిలబడ్డామో ఏమో,
చెరువులు నిండి, ఎండి, మళ్ళీ నిండి
ఏ ఒక్క చోటికీ అలవాటు పడనివ్వలేదో ఏమో.
మాట తప్పే నేల దగ్గరే
మనకి తెలివి అవసరం పడింది.

చొక్కా వీపుకి అంటుకుని నాకు చిరాకు.
ఒంటి మీద బొచ్చు రాలి, చర్మమంతా ఊటై,
సింహం నీడన పడుకున్న మిట్టమధ్యాహ్నం
మనం మాత్రం నడవడం నేర్చింది ఈ చెమటతోనే.
అది లేచేలోపు తిరిగొచ్చాం.
అందరం రాలేదు.

ఈదమ్మ నడుం పట్టుకుని లేచింది.
నిలబడ్డందుకు మొదటి నుంచీ ఆడవాళ్ళే కట్టే సుంకం అది:
కటి ఇరుకైంది, తల పెద్దదైంది,
పుట్టడమే ఒక కనుమ దాటడం అయింది.
"పేట్లబుర్జు దవాఖానల పదహారు గంటలు సతాయించింది సారూ,
గిది." అని ఉయ్యాల వైపు చూసింది.

ఉయ్యాల ఖాళీ.

దుర్గి గుండు దగ్గరుంది.
పదకొండో నెల, మొలతాడు తప్ప ఇంకేం లేదు.
నున్నటి చోట అరచెయ్యి జారింది.
గరుకు వెతుక్కుంది, దొరికింది.
మడమలు ఎర్రబడ్డాయి, మోకాళ్ళు వణికాయి,
తర్వాత
నిట్టనిలువుగా.

పోచయ్య కంప్రెసర్ ఆపేశాడు.
అంత నిశ్శబ్దం ఆ గుట్ట మీద
ఈ మధ్య ఎవరూ విని ఉండరు.
పిల్ల తల్లిని చూడలేదు, నన్నూ చూడలేదు.
అద్దాల మేడల సందులోంచి
మల్కం చెరువు ఓ గీతలా మెరుస్తోంది,
అటు చూసింది.
ఎత్తు నుంచి నీళ్ళని చూడమని
దానికి ఎవరు చెప్పారో.

మూడు క్షణాలు. నాలుగేమో.
కూలబడింది, ఏడవలేదు,
మళ్ళీ రాతి మీద చెయ్యి వేసింది.

నా కాయితం మీద పొద్దుటే రాసి ఉంది:
గుండు నంబరు ఏడు, తొలగించవచ్చు.
దాన్ని కొట్టెయ్యలేదు. కొట్టేసే ధైర్యం లేదు,
ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్ళుంది.
కింద, వ్యాఖ్యలు రాసే గడిలో,
పై ఆఫీసులో ఎవరూ చదవరని తెలిసీ రాశాను:

పరీక్షించిన భారం, సుమారు ఎనిమిది కిలోలు.
ఆపింది.